అమ్మ ఊ కొట్టని వాక్యం

ఆడపడుచు నోట వదిన గొప్పతనం రావడం అరుదు. నేను మాత్రం ఒప్పేసుకుంటాను. మా వదినంత మొండిమనిషిని నేను చూడలేదు. ఆ మొండితనంలో పావు వంతైనా నాకు లేదే అని కుళ్ళుకుంటాను కూడా.

ఆవిడ ఓ మందుల కంపెనీలో రిసెప్షనిస్టు. గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా నవ్వాలి, ఫోను మోగినప్పుడల్లా నమస్కారం చెప్పాలి. ఆ రెంటి మధ్య దొరికిన సందుల్లోనే ఏళ్ళ తరబడి ఓ సినిమా కథ రాసింది. కంపెనీల ఎత్తులూ పైయెత్తులూ, ఛైర్మనూ, ఆయన అల్లుడూ, కుప్పకూలే షేర్లూ ఉన్న థ్రిల్లర్. సినిమా సంస్థవాళ్ళేమో, కథంతా ముందు ఒక్క వాక్యంలో పంపమన్నారు. అది నచ్చితేనే మిగతాది చదువుతారట. ఆదివారం సాయంత్రమే గడువు.

మా వదినకి ఇది తలకు మించిన పని. పక్కింటికి వెళ్ళొచ్చిన సంగతి చెప్పాలన్నా సృష్ట్యాది నుంచి మొదలుపెడుతుంది.

పరీక్షకి మా అమ్మని ఎంచుకుంది. ఎవరేం చెప్పినా అమ్మ తల ఎత్తకుండా, పని ఆపకుండా ఊ కొడుతుంది.

"అత్తయ్య ఊ కొట్టారంటే వినట్లేదని అర్థం. ఊ ఆగితే వాక్యం కుదిరినట్టు" అంది వదిన.

ఆదివారం అమ్మ బఠానీలు వలుస్తూ కూర్చుంది. వదిన ఛైర్మన్‌తో మొదలుపెట్టింది. ఊ. అల్లుడితో మొదలుపెట్టింది. ఊ. షేర్ల దగ్గరికొచ్చేసరికి అమ్మకి ఆవలింత కూడా వచ్చింది. వదిన ఛైర్మన్ని తీసేసింది, అల్లుణ్ణీ తీసేసింది. తీసేసినప్పుడల్లా కన్నబిడ్డని హాస్టల్లో వదిలొచ్చినట్టు మొహం పెట్టింది.

"ఇంక చాల్లే వదినా, ఏదో ఒకటి పంపెయ్" అన్నాను.

"ఏదో ఒకటి పంపడానికైతే ఇన్నేళ్ళెందుకు రాశాను?"

వంటింట్లోకెళ్ళి గిన్నెలన్నీ తోమింది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంటర్వెల్లో పేలాల్సింది ఒకటి దాచుకున్నా. అదీ ఇచ్చేస్తే నా దగ్గరేం మిగలదని భయం. పోనీ, ఇచ్చేస్తున్నా. అత్తయ్యా, వినండి. తమ కంపెనీ మందు ప్రాణాలు తీస్తోందని రుజువు సంపాదించిన ఓ రిసెప్షనిస్టు, అది బయటపెడితే ముందు జైలుకెళ్ళేది ఆ మందు మంచిదని సంతకం చేసిన తన మొగుడేనని తెలుసుకుంటుంది."

బఠానీలు వలిచే చేతులు ఆగిపోయాయి.

"మొగుడా?" అంది అమ్మ. "మరి బయటపెట్టిందా?"

అని మా అన్నయ్యకేసి చూసింది. అన్నయ్య పేపరు దించి, "నాది సంతకాలు పెట్టే ఉద్యోగం కాదమ్మా" అన్నాడు.

వదిన ఆ వాక్యం పంపడానికి లోపలికి పరుగెత్తింది. నాకు కళ్ళు చెమర్చాయి.

గురువారం సినిమా సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వదిన మా అందరికీ వినిపించేలా పెట్టింది.

"మీ వాక్యం చదివానండీ. మరి ఆవిడ బయటపెడుతుందా?"

"కథంతా పంపుతాను, చదవండి" అంది వదిన, ఆఫీసు గొంతుతోనే.

ఫోన్ పెట్టెయ్యగానే అమ్మ అందుకుంది. "వాళ్ళ సంగతి తర్వాత. ముందు నాకు చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

వదిన అమ్మ పక్కనే చతికిలబడింది.

"ఛైర్మన్‌కి ఒక అల్లుడున్నాడత్తయ్యా..."

అమ్మ ఊ కొట్టలేదు.