కంతుల మాట లేని ఇల్లు

కొట్టు షట్టరు ఎత్తగానే ముందు బెల్లం వాసన వస్తుంది. తిరుపతిలో ఒక సందులో పదడుగుల కొట్టు మాది. నేనూ, పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లూ చిత్తూరు బెల్లాన్ని అరకిలో ప్యాకెట్లు కట్టి అమ్ముతాం. తక్కెడ పక్కన పన్ను నోటీసు ఉంది. విడి బెల్లానికి పన్ను లేదు, పేరు అచ్చువేసి ప్యాకెట్లో కడితే ఉంది. ప్యాకెట్ మీద మా తాత పేరు వేయించింది నేనే. మూడేళ్ల పన్ను, వడ్డీ, అపరాధ రుసుము కలిపి నెలాఖరులోగా కట్టకపోతే బ్యాంకు ఖాతా ఆపేస్తామని అందులో రాసినారు. ఖాతా ఆగితే సరుకు రాదు, కొట్టు మూతే.

నేను పెరిగింది ఈ వాసనలోనే. చిత్తూరులో తాతకు బెల్లం టోకున కొని అమ్మే పెద్ద మండీ ఉండేది. చలికాలం వస్తే తెల్లవారేసరికి పల్లెల బండ్లు వరసగా నిలబడేవి, ఎద్దుల ముక్కుల్లోంచి ఆవిర్లు లేచేవి, ఇంకా వెచ్చదనం పోని బెల్లం ముద్దలను గోనెల మీద దించుతుంటే చెరకు పిప్పి కాలిన పొగ వాటితోపాటే వచ్చి మా జడల్లో, గౌన్లలో, బడి పుస్తకాల్లో దూరి కూర్చునేది. తాత ఒక్కో ముద్దను గోటితో గిల్లి నాలుక మీద వేసుకుని, అది ఏ ఊరి నీళ్లతో పెరిగిన చెరకో చెప్పేవాడు. ఆయన వీపు గోడకు గానీ కుర్చీకి గానీ ఆనగా నేను చూడలేదు. మధ్యాహ్నం బేరాలు తగ్గాక మండీ బండల మీద సుద్దతో గీసి నాతో పులి మేక ఆడేవాడు. పులిని వెనక్కి నడపడం ఆయనకు నచ్చేది కాదు. అందుకే ఎనిమిదేళ్ల నా చేతిలో రోజూ ఓడిపోయేవాడు.

జాతర రోజుల్లో అవ్వ పాకం పట్టి, నువ్వులద్ది అరిసెల్లాంటి నిప్పట్లు కాల్చేది. ఆ వాసనకే వచ్చినట్టు నగరి చీరలాయన మూటతో వాకిట్లో దిగేవాడు. వీధిలో అందరూ ఆయన దగ్గర కంతుల మీద, అంటే నెలకింత చొప్పున, కొనేవాళ్లు. అవ్వ మాత్రం నిప్పట్టు చేతిలో పెట్టి పంపేసేది.

“మా ఇంట్లో కంతుల మాట లేదప్పా. పక్కింటికి పో.”

“బెల్లం అమ్మే ఇంట్లో ఆ మాటొక్కటి అంత చేదేందవ్వా?” అని ఆయన నవ్వుతూ పోయేవాడు.

నేను ఐదో తరగతిలో ఉండగా తాత మీద పాత అమ్మకపు పన్ను పడింది. దాని కోసం వచ్చిన పన్నుల ఆఫీసు గుమాస్తా మంచివాడే. అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, గొంతు తగ్గించి చెప్పినాడు.

“పెద్దాయనా, ఒక్కసారి కట్టాలంటే కష్టం. కంతులు పెట్టించుకో. అర్జీ రాసిస్తే నేనే తీసుకుపోతా.”

తాత మెడ ఇంకా నిటారైంది. “కంతులు కట్టేది మంచాలు, చీరలు కొనేవాళ్లప్పా. నేను మండీ పెట్టినోణ్ణి.”

వారం తిరక్కుండా మండీని ఎదుటి మండీ ఆయనకు సగం ధరకు అమ్మి, పన్నంతా ఒక్క రోజులో కట్టేసినాడు. ఆ రసీదుకు అద్దం కట్టించి గోడకు తగిలించినాడు. ఆ ఏడాది జాతరకు అవ్వ అంగడి నుంచి అరకిలో బెల్లం పొట్లం తెప్పించింది. తాత దాన్ని గిల్లి చూడలేదు.

ఆ అద్దం ఇప్పుడు నా కొట్లో ఉంది. నేనూ కొట్టు అమ్మేసి ఒక్కసారే కడదామనుకుని, బేరం కూడా మాట్లాడుకుని, కాగితాల కోసం మా ఆడిటరు మస్తాన్ దగ్గరికి పోయినాను.

“ఏందక్కా, కొట్టు అమ్మేసి రేపు ఏం తింటావు?” అన్నాడు. “పేరు తీసేసి విడిగా అమ్ముకో, ఇకమీదట పన్నే ఉండదు. పాత బాకీకి అర్జీ పెడతా. ఇరవై నాలుగు కంతుల దాకా అడగొచ్చు.”

“పేరు తీసేది లేదు.”

“సరే, దానికి పన్ను కట్టుకో. కంతులు ఎన్నని రాసేది? ఒకటా?” ఎగతాళిగానే అడిగినాడు.

ఒకటి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఇద్దరు ఆడవాళ్లు తూకాల దగ్గర నా కోసం ఎదురుచూస్తూ ఉంటారని గుర్తొచ్చింది.

“ఇరవై నాలుగు,” అన్నాను. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు.

మొన్న చిత్తూరు పోయినప్పుడు చూసినాను. మండీ ఉన్నచోట కంతుల మీద ఫోన్లూ ఫ్రిజ్‌లూ అమ్మే అంగడి వెలిసింది. బండ్లు లేవు, పొగ లేదు, బెల్లం గిల్లి ఊరు చెప్పేవాళ్లు లేరు. మొదటి కంతు కట్టిన రసీదు నిన్న చేతికొచ్చింది. ఇంకా ఇరవై మూడు. దానికి అద్దం కట్టించలేదు. తాత రసీదు ఉన్న అద్దం వెనక, ఆయనకు కనబడకుండా దోపినాను.