పాలిష్ పట్టని రెండో చెయ్యి

చిన్నమ్మీ, నీ బండను చూసొచ్చినానే. ఇంక నాకు బెంగ లేదు.

కడప విశ్వవిద్యాలయంలో బొమ్మల మ్యూజియం చూడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు, తప్పులుంటే సర్దుకోండి. నా కూతురు చిన్నమ్మి అక్కడే శిల్పం నేర్చుకుంది, చదువు పూర్తికాకముందే జ్వరంతో పోయింది. జొన్నరొట్టె తట్టే నా చేతులను మా ఊరు బేతంచెర్లలో దొరికే నాపరాతి బండ మీద చెక్కుతూ ఉండేది. ఒక చెయ్యి నున్నగా వచ్చింది. రెండోది ఇంకా సగం బండలోనే ఉంది. మ్యూజియం మొదలుపెట్టేటప్పుడు వాళ్ల సారు, పిల్లలు చేసి వదిలిన బొమ్మలన్నీ పోగుచేస్తూ మా ఇంటికీ వచ్చాడు. ఇచ్చేశాను. ఇచ్చిన రోజు నుంచి ఒకటే భయం. నేను పనిచేసేది బండల పాలిష్ ఫ్యాక్టరీలో. గరుకు కనిపిస్తే మేం ఊరుకోం, మిషను కిందికి తోస్తాం. వాళ్లూ అట్లే చేస్తే నా బిడ్డ ఉలి గుర్తులు ఉంటాయా?

పొద్దున్నే బస్సెక్కి నంద్యాలలో దిగి, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప బస్సు పట్టుకున్నాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు అడగరు. మధ్యాహ్నానికి కడప చేరి, నూటయాభైకి ఆటో మాట్లాడుకున్నాను.

"ఆడ ఏముండాదని పోతాండావు పెద్దమ్మా?" అన్నాడు ఆటో అతను.

"నా కూతురు చెక్కిన బండ ఉండాదప్పా. కొంచెం గరుకుగా ఉంటాది."

"పెద్ద సదువులోళ్లు కదా, ఈపాటికి అద్దం మాదిరి పాలిష్ పట్టించింటారులే!"

మంచి మాటే అనుకుని అన్నాడు. బండి తొందరగా పోనియ్యమన్నాను.

లోపల తోలుబొమ్మలు, మట్టి బొమ్మలు, రంగుల పటాలు ఉన్నాయి. ఏవీ సరిగ్గా చూడలేదు. కిటికీ పక్కన నా బండ కనిపించగానే చెయ్యి చాపాను.

"ముట్టుకోవద్దక్కా!" అని కేకేసింది కాపలా ఉండే ఖాసింబీ.

"నేను ఆ పాప అమ్మను."

ఆమె దగ్గరికొచ్చి నా చేతులు చూసింది. "అయితే ముట్టుకో. పాలిష్ పడతానని ఒకాయన వస్తే సారు తరిమినాడు. పాప యాడ ఆపిందో ఆడనే ఉండాల అన్న్యాడు."

వేలు పెట్టి చూశాను. ఉలి గుర్తులన్నీ ఉన్నాయి.

"చేతులైతే నీవే. మరి రొట్టె యాడ?" అని నవ్వింది ఖాసింబీ.

"సంచిలో ఉండాది, రా."

వరండాలో కూర్చుని ఇద్దరం తిన్నాం. బిడ్డ పోయినప్పటి నుంచి నాకు రొట్టె గొంతు దిగేది కాదు. ఆ రోజు దిగింది.

ఆ పని ఇంక పూర్తికాదు. కానీ ఇంకెవరూ దాన్ని పూర్తి చెయ్యరు కూడా. నాకు అది చాలు. వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: అక్కడ దగ్గరలో హోటలు లేదు, ఇంటి నుంచే ఏదైనా కట్టుకుపోండి. కడుపు నిండా తినండి.