బండి దిగిన చేతులు

పోయిన గురువారం పొద్దున నాచారం నుంచి ఫోను వచ్చింది. చేసింది మా పశువుల డాక్టరుగారి కోడలు. "మామయ్య పోయిన్రు, సిస్టర్. పొద్దుగాల చాయ్ తాగి, మనుమనితోని పేపర్ చదివిపిచ్చుకొని, జర ఒరుగుత అన్నరు. మళ్ల లేవలే" అని చెప్పింది. ఆయనకు తొంభై దాటాయి. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, తానూ ఇబ్బంది పడకుండా వెళ్ళిపోయారు.

ఫోను పెట్టేశాక చాలాసేపు నా చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ కాన్పులు చేసిన చేతులివి. ఎంతమంది పిల్లలను అందుకున్నానో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. కానీ ఆ పనిని ధైర్యంగా చేయడం నేర్పినవాళ్ళలో ఒక పశువుల డాక్టరు ఉన్నారంటే మా తోటి నర్సులే నవ్వేవారు. నవ్వినా నవ్వకపోయినా జరిగింది చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

నేను ఉప్పల్ ఆరోగ్య కేంద్రానికి నర్సుగా వచ్చింది డెబ్భైల మొదట్లో. మాది గోదావరి వైపు. మావారికి నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికితే కాపురానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం వేయించుకున్నాను. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి వైపు ఇళ్ళన్నీ నా వంతు. తారు రోడ్డు ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అయిపోయేది. అక్కడి నుంచి రాళ్ళు తేలిన బండ్ల బాట, ద్రాక్షతోటల గట్ల వెంట మట్టి దారి. మొదట్లో నడిచాను. తర్వాత మావారు ఒక పాత మోపెడ్ కొన్నారు. ఆయన షిఫ్టు బస్సులో వెళ్ళేవారు కాబట్టి బండి నాకు దక్కింది. కుచ్చిళ్ళు ఎగదోపి, మందుల సంచి ముందు తగిలించుకుని నేను పోతుంటే తోటల్లో పనిచేసేవాళ్ళు తలెత్తి చూసేవారు. నాకు సిగ్గేమీ వేయలేదు, పైగా గర్వంగా ఉండేది.

ఒక నెల గడిచేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. తర్వాత అరచెయ్యంతా. బండి దిగాక అరగంట దాకా వేళ్ళు నావి కానట్టుండేవి. చీర కొంగు పట్టుకుంటే అది నూలో, సిల్కో తెలిసేది కాదు. ఎవరికీ చెప్పలేదు. ఆడమనిషికి బండెందుకని అప్పటికే అంటున్నవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ మాట నిజం చేయడం నాకిష్టం లేదు.

డాక్టరుగారు ఉప్పల్ పశువుల దవాఖానాలో పనిచేసేవారు. ఆయన బండి మిలిటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన పాత మోటారు సైకిలు. వెనకాల ఇనుప బకెట్, తాళ్ళు, ఒక గోనెసంచి కట్టి ఉండేవి. దారిలో చాలాసార్లు ఎదురయ్యారు. నేను పళ్ళు బిగబట్టి, హ్యాండిల్‌ను పీక పిసికినట్టు పట్టుకుని పోయే గుంతల్లో ఆయన మోచేతులు వదులుగా పెట్టుకుని, నీళ్ళ మీద తేలినట్టు పోయేవారు. డాక్టర్ సాబ్ బండి మీదనే నిద్రపోతాడని ఊళ్ళో సరదాగా అనుకునేవాళ్ళు. ఎదురైతే తల ఊపడం తప్ప మా మధ్య మాటల్లేవు.

ఆ రోజు మల్లాపూర్‌లో గేదెలు పెట్టుకుని పాలమ్మే ఒక ఇంటికి వెళ్ళాను. చిన్నకోడలికి తొలిచూలు, ఎనిమిదో నెల. మంచం మీద పడుకోబెట్టి పొట్ట మీద చేతులు వేశాను. దళసరి దుప్పటి మీంచి తడుముతున్నట్టే ఉంది. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తగా ఉందో నా వేళ్ళు చెప్పడం లేదు. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది. అత్తగారు తలాపున నిలబడి ఉంది. నేను నవ్వుమొహం పెట్టి, అంతా బాగుందనీ, బిడ్డ తల కిందికే ఉందనీ చెప్పేశాను. కార్డు మీద అదే రాసి బయటికి వచ్చాను.

వాకిట్లో కొట్టం పక్కన డాక్టరుగారు గేదెకు మందు పోసి చేతులు కడుక్కుంటున్నారు. నేను మోపెడ్ దగ్గర నిలబడి చేతులు విదిలించుకుంటున్నాను. ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"ఎన్ని వేళ్ళు, సిస్టరమ్మా?"

ఏమీ లేదండీ అన్నాను. ఆయన కదల్లేదు. "చిటికెన వేలు, దాని పక్కది. బండి దిగినంక అర్ధగంట. నాకెర్కే" అన్నారు. కాదనలేకపోయాను. లోపల బిడ్డ ఎలా ఉందని అడిగారు. తల కిందికే ఉందని చెప్పానన్నాను.

"చెప్పినవ్. చేతికి దొరికిందా?"

దొరకలేదని తల అడ్డంగా ఊపాను. ఆయన కోప్పడలేదు. కొట్టం ముందరి బండ మీద కూర్చోమన్నారు. ఇంటివాళ్ళను అడిగి ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు తెప్పించి, చేతులు రెండూ అందులో ముంచమన్నారు. వేళ్ళు మెల్లగా ముడుస్తూ తెరుస్తూ ఉండమన్నారు. తిమ్మిరి దిగేదాకా కూర్చోవాల్సిందే కాబట్టి, ఆ కాసేపట్లో తన సంగతి చెప్పారు.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చర్లపల్లి అవతల ఒక గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, రాళ్ళ దారిలో ఎక్కడా ఆగకుండా బండి మీద వెళ్ళారట. దిగీ దిగగానే చెయ్యి లోపల పెట్టారు. కాళ్ళు రెండు తగిలాయి. ముందరి కాలైతే గిట్ట పైనున్న కీళ్ళు రెండూ ఒకే వైపు వంగుతాయి, వెనక కాలైతే ఒకటి ఇటు, ఒకటి అటు. చేతికి తెలియాల్సింది అంతే. మొద్దుబారిన చేతికి అది తెలియలేదు. ముందరి కాళ్ళే అనుకున్నారు. ఇక తల ఎటు వంగిపోయిందోనని వెతుకుతూ కూర్చున్నారు. దూడ వెనక్కి తిరిగి ఉంది, అక్కడ తల లేనే లేదు. ఆ సంగతి తెలిసి వెనక కాళ్ళు పట్టి లాగేసరికి దూడ చచ్చిపోయింది.

"ఆ బర్రె మనిషి నన్నొక్క మాట అన్లే. చేతుల మీద నీళ్ళు పోసిండు, తువ్వాల ఇచ్చిండు. తిట్టినా మంచిగుండు" అన్నారు.

కాసేపటికి నా వేళ్ళకు నీళ్ళ వెచ్చదనం తెలిసింది. ఆయన తన చొక్కా జేబులోంచి రెండు గింజలు తీసి, కళ్ళు మూసుకోమని నా అరచేతిలో వేశారు. ఒకటి జొన్న, ఒకటి పెసర. ఏది ఏదో వేళ్ళతో చెప్పాలి. రెండోసారికి చెప్పగలిగాను. ఇక లోపలికి పొమ్మన్నారు.

ఇందాకే బాగుందని చెప్పి, ఇప్పుడు మళ్ళీ చూస్తానంటే నన్నెవరు నమ్ముతారని అడిగాను.

"ఇయ్యాల జర తక్కువ నమ్ముతరు. కానీయ్. నా చేతికి తెల్వలే, మళ్ల సూస్త అను. గంతే. అబద్ధం ఆడినోళ్ళకే భయం, నువ్వు నిజం చెప్పనీకి పోతున్నవ్."

లోపలికి వెళ్ళి ఆ మాటే చెప్పాను. బండి మీద వచ్చినందుకు నా చేతులు మొద్దుబారాయనీ, ఇందాక సరిగా తెలియకుండానే చెప్పాననీ, అది తప్పేననీ. అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. గదమాయిస్తుందనుకున్నాను. ఆమె వెళ్ళి కిటికీ తలుపు బార్లా తీసి వెలుతురు పడేట్టు చేసింది.

"సూడు నర్సమ్మ. మా బర్రెనైతె డాక్టర్ సాబ్ రెండుమార్లు సూడంది పోడు. మా పిల్లను సూస్తె తప్పేంది" అంది.

ఈసారి పక్కటెముకల కింద గట్టిగా, గుండ్రంగా తల తగిలింది. బిడ్డ అడ్డం కాదు కానీ తలకిందులుగా ఉండాల్సింది నిటారుగా కూర్చుని ఉంది. కార్డు మీద రాసింది కొట్టేసి కొత్తగా రాశాను. ఈ కాన్పు ఇంట్లో వద్దనీ, నొప్పులు వచ్చేదాకా ఆగకుండా సికింద్రాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలనీ అత్తగారికి రెండుసార్లు చెప్పాను. నెల తిరక్కముందే వాళ్ళు పాల వ్యానులో పరుపు వేసి తీసుకుపోయారు. ఆడపిల్ల. కాళ్ళు ముందు వచ్చాయట, అయినా తల్లీ బిడ్డా క్షేమం. ఇంట్లో మంత్రసాని చేతిలోనో, నా చేతిలోనో అయ్యుంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోను.

నేను మల్లాపూర్ వెళ్ళిన ఆ వారమే, ఆదివారం నాడు డాక్టరుగారు నన్నూ మావారినీ మోపెడ్‌తో సహా దవాఖానాకు రమ్మన్నారు. వేపచెట్టు కింద బండి నిలబెట్టి, నన్ను ఎక్కి కూర్చోమని, చుట్టూ తిరిగి చూశారు, గేదెను చూసినట్టే. మొదట బ్రేకు లివర్లు వదులు చేసి కిందికి దించారు. అవి పైకి ఉండబట్టి నా మణికట్లు వెనక్కి విరిగి ఉంటున్నాయట. మోచేతి నుంచి వేళ్ళ దాకా ఒకే గీతలా ఉండాలన్నారు. ఇంజను కింద బోల్టు ఒకటి వదులుగా ఉంటే మావారితో బిగింపించారు. టైర్లలో గాలి రాయిలా గట్టిగా ఉంటే కొంచెం తీయించారు.

గ్రిప్పుల విషయంలో మాత్రం నేను నా తెలివి చూపించాను. లోపల దూది పెట్టి లావుపాటి చేతితొడుగులు కుట్టుకుని తెచ్చాను. ఆయన చూసి, వారం రోజులు వేసుకొని చూడమన్నారు. తిమ్మిరి ఇంకా ఎక్కువైంది. అప్పుడు నవ్వి, తానూ మొదట్లో హ్యాండిల్‌కు గోనెపట్టా మందంగా చుట్టి ఇలాగే దెబ్బతిన్నానని చెప్పారు. పిడి లావయ్యేకొద్దీ ఇంకా గట్టిగా పిసుకుతామట. అరిగిపోయిన గ్రిప్పులు తీసేసి మెత్తటి రబ్బరువి కొత్తవి వేయించి, లోపల పాత సైకిలు ట్యూబు ఒక్క చుట్టు మాత్రం వేశారు. నా చేతికి చక్కగా సరిపోయింది.

అన్నిటికన్నా కష్టమైంది పట్టు నేర్చుకోవడం. రోడ్డు దాటించేటప్పుడు పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకోవాలనేవారు. వదిలేయకూడదు, నొప్పి పెట్టకూడదు. గుంతలు వస్తే బరువు చేతుల మీద వేయకుండా పాదాల మీద వేసి, సీటు మీంచి కాస్త లేవాలి. నేను బిగుసుకుపోవడం చూసి ఒకమాటు అన్న మాట నాకు ఉద్యోగమంతా పనికొచ్చింది: "చెయ్యి బండిది కాదు సిస్టరమ్మా, పనిది. బండికి అరువిచ్చినవ్, అంతె."

ఆయన ఏ ఇంటికి వెళ్ళినా వంద గజాల ముందే బండి ఆపేవారు. చేతులు కిందికి వేలాడదీసి, వేళ్ళు ఆడించుకుంటూ మిగిలిన దూరం నడిచేవారు. అంత తొందరలో ఉన్న మనిషి నడవడమేమిటని కొత్తవాళ్ళు కంగారుపడేవారు. పని అయిపోయి, పశువు లేచి నిలబడితే గానీ ఆ ఇంట్లో చాయ్ ముట్టేవారు కాదు. గోళ్ళు కత్తిరించుకోవడానికి శనివారం అనీ శుక్రవారం అనీ చూడని మనిషి ఈ చుట్టుపక్కల ఆయనొక్కరే.

ఏడాది తర్వాత నాచారంలో నేను ఒక బాలింతను చూసి వస్తుంటే పక్కింటి దొడ్లో ఆయన కనిపించారు. గేదె పడుకుని ఉంది. ఆయన చెయ్యి భుజం దాకా లోపల ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నారు. దూరం నుంచి వచ్చే పాట వింటున్నట్టుంది ఆ మొహం. చుట్టూ ఇంటివాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. "ఎనక కాళ్ళు" అన్నారు మెల్లగా, మరుక్షణమే. ఎక్కడా తడబడలేదు, వెతకలేదు. తాడు అడిగారు, కట్టారు, అందరినీ నిదానంగా లాగమన్నారు. దూడ జారి గడ్డి మీద పడి తల విదిలించింది. ఆయన తలెత్తి నన్ను చూశారు. చర్లపల్లి అవతల పోయిన ఆ దూడ మా ఇద్దరికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు.

తర్వాత తారు రోడ్లు వచ్చాయి. కొట్టాలు పోయి ఫ్యాక్టరీ షెడ్లు లేచాయి. ఆయన రిటైరయ్యారు, చాలా ఏళ్ళకు నేనూ అయ్యాను. నా తర్వాత చేరిన నర్సు పిల్లలకు స్కూటర్లు ఇచ్చినప్పుడు, కాన్పు సంగతులకన్నా ముందు హ్యాండిల్ పట్టుకోవడం నేర్పాను. ఎవరు నేర్పారని అడిగితే పశువుల డాక్టరని చెప్పేదాన్ని. మొదట నవ్వేవాళ్ళు. నాలుగు రోజులు తిరిగాక మిగతాది కూడా చెప్పమని వాళ్ళే వచ్చేవాళ్ళు.

చివరిసారి ఆయన్ను చూసింది రెండు నెలల కింద. చూపు దాదాపు పోయింది. గొంతు వినగానే "సిస్టరమ్మ వచ్చింది, చాయ్ పెట్టుండ్రి" అన్నారు. కోడలు ఇంట్లోనే జాకెట్లకు హుక్కులు కుట్టే పని చేస్తుంది. తనకూ చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కించలేకపోతోందట. మేం మాట్లాడుకుంటున్నంతసేపూ ఆయన చేతులు ఊరికే లేవు. దారం కొస పెదవుల మధ్య తడిచేసి, సూది బెజ్జాన్ని చూపుడువేలి కొసతో వెతికి, ఎక్కించి, పక్కనున్న దిండుకు గుచ్చేవారు. మళ్ళీ ఇంకొకటి. నేను లేచి వచ్చేసరికి ఆ దిండు మీద సూదులు వరసగా నిలబడి ఉన్నాయి, తెల్లదారాలు ఫ్యాను గాలికి ఒకే వైపు ఊగుతూ.