మలుపులో కట్టిన ఫ్లెక్సీ

రామసముద్రం రోడ్డు పుంగనూరులోకి వచ్చేచోట ఒక మలుపు ఉంది. ఇప్పుడు అక్కడ నిలబడితే ఎదురుగా వచ్చే బస్సు దూరం నుంచే కనిపిస్తుంది. అటుగా పోయినప్పుడల్లా నాకు ప్రాణం తేలికపడుతుంది. ఒకసారి ఆ చూపుకు అడ్డం పెట్టింది నేనే.

మా నాయకుడి పుట్టినరోజుకు మదనపల్లెలో ఫ్లెక్సీ వేయించాను. పైన ఆయన ముఖం, కింద వరుసలో మా అనుచరుల ముఖాలు. వాటిలో మొదటిది నాది. ఎత్తుగా కడితే కింది వరుస ఎవరి కంటికీ ఆనదని, ఆ మలుపులో మనిషి ఎత్తులో కట్టించాను.

"అన్నా, మలుపు మూసుకపోతాది" అన్నాడు కట్టేవాడు.

"రెండు దినాలే కదప్పా" అన్నాను.

పుట్టినరోజు పొద్దునే, పాల క్యాన్లతో మోపెడ్ మీద వస్తున్న రైతును అక్కడ ఆటో గుద్దింది. ఫ్లెక్సీ వెనక ఒకరికొకరు కనబడలేదు. రోడ్డంతా పాలు పారాయి. తలకు దెబ్బ, కాలు విరిగింది. మదనపల్లెకు తీసుకుపోతే అక్కడి నుంచి కుప్పం పెద్దాసుపత్రికి పంపారు. మనిషికి ఇంకా తెలివి రాలేదు.

మలుపు దగ్గర ఆయన్ను అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పుడే నా నోటి నుంచి మాట వచ్చేసింది. "ఆయప్పే స్పీడుగా వచ్చినాడు." ఎవరూ నన్ను అడగలేదు. ప్రమాదం జరిగినప్పుడు నేనక్కడ లేను కూడా. అయినా మధ్యాహ్నానికి టీకొట్ల దగ్గర అదే నిజమైపోయింది. తాగి ఉంటాడని ఇంకొకడు కలిపాడు. నేను విని ఊరుకున్నాను.

కబురు అందగానే నాయకుడు నేరుగా మలుపు దగ్గరికి వచ్చాడు. పక్కకు లాగి పడేసిన మోపెడ్‌ను లేపి, దాని మీద కూర్చుని, రైతు వచ్చిన దిక్కు నుంచి చూశాడు. చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఏం కనపడతాండాదన్నా?" అన్నాడు ఆటోవాడు.

"నేనే కనపడతాండా. ఇంకేం కనపడలే."

సాయంత్రం కల్యాణ మండపంలో కేకు, బిరియానీ ఏర్పాట్లు చేసి ఉన్నాం. ఆయన కేకు పక్కకు జరిపించి మైకు తీసుకున్నాడు. "ఆయప్ప స్పీడుగా వచ్చినాడని ఊరంతా అంటాండారు. క్యాన్ల నిండా పాలు పెట్టుకోని ఎవరప్పా స్పీడుగా పొయ్యేది? ఆయప్పకు అడ్డం పడింది నా మొగం. నా పేరు జెప్పి మీరు యాడ ఏం కడతాండారో నేనెప్పుడూ అడగలే. తప్పు నాది."

అంతే చెప్పి కూర్చున్నాడు. ఎవరు కట్టించారని అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. తిట్టి ఉంటే నేనేదో జవాబు వెతుక్కునేవాణ్ణి. నీతి నిజాయితీల మీద ఆయన ప్రసంగాలు ఎన్నో విన్నాను, చప్పట్లు మొదలుపెట్టేదే నేను. ఒక్క మాటా లోపలికి దిగలేదు. ఇప్పుడు నా తప్పు ఆయన నెత్తిన పెట్టుకుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను.

"కట్టించింది నేను" అన్నాను లేచి. "స్పీడన్నదీ నేనే. నేను సూడలేదు."

వెనక నుంచి ఆటోవాడు, "నేనూ హారన్ కొట్టలే" అన్నాడు. బట్టల కొట్టు సాయిబు లేచి, "మా పాప ఫంక్షన్ ఫ్లెక్సీ బస్టాండు మూల ఉండాది. పదండప్పా, పీకేద్దాం" అన్నాడు.

"ఇది పుట్టినరోజా, పంచాయితీనా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అయినా భోజనాలు వదిలి చాలామంది సాయిబు వెంట నడిచారు.

మరునాడు నాయకుడితో కుప్పం పోయాను. రైతుకు తెలివి వచ్చిందని వార్డు బయటే తెలిసింది. తలుపు దగ్గర రైతు భార్య నిలబడి ఉంది.

"మీ ఆయప్ప మీద ఆ మాట పుట్టించింది నేనేమ్మా" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "కాదని ఊర్లో చెప్తివా?"

"అందరి ముందరా చెప్పినా."

"అయితే లోపలికి రా."

మంచం మీద రైతు కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు. నాయకుడు క్షమించమంటుంటే మధ్యలో ఆపి, "ఆ ఫ్లెక్సీ చింపేస్తిరా?" అన్నాడు.

"లేదప్పా. విప్పి పెట్టినాం."

"పారేయొద్దండి సారూ. మా కొట్టం కారతాండాది."

"నా మొగం కింద ఆవుల్ని కడతావా?"

"పైకుంటే ఎండకు ఎలిసిపోతావు. లోపలికి తిప్పి కడితే ఆవులన్నా సూస్తాంటాయి."

ఆ ఇద్దరూ నవ్వుతుంటే నాకూ నవ్వు వచ్చింది.

కొట్టం మీద ఫ్లెక్సీని నేనే కట్టాను. మా ముఖాలున్న కింది వరుస చూరు దగ్గరికి వచ్చి వేలాడింది. రైతు కర్ర పట్టుకుని తన కాళ్ల మీద ఇంటికి వచ్చిన రోజు చూస్తే, నా ముఖం ఉన్న మూలను దూడ నాకి నాకి తెల్లగా చేసి పెట్టింది.