గీతల పలకలు, పెద్దమ్మ పసుపు

ఆ రోజుల్లో డిప్లొమా చేతికొచ్చిన కుర్రాడికి ప్రపంచమంతా తన సలహా కోసమే ఆగి ఉందని గట్టి నమ్మకం ఉండేది. నాకైతే ఆ నమ్మకం మరీ ఎక్కువ. ఉద్యోగం మాత్రం లేదు. (ఆ రెంటికీ సంబంధం లేదని తెలియడానికి ఇంకా చాలా టైముంది.) సరిగ్గా అప్పుడే, భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా పెదనాన్న కేరళ వెళ్ళొచ్చి, అక్కడి హోటల్లో తోటలోకి దిగేచోట చెక్కలు పరిచారనీ, వాటి మీద కుర్చీ వేసుకుని కాఫీ తాగితే ప్రాణం లేచొచ్చిందనీ, మన పెరటి గుమ్మం ముందు కూడా అలాంటి 'చెక్క అరుగు' ఉండాల్సిందేననీ పట్టుబట్టాడు. పని నాకు అప్పగిస్తూ, "మన కాంట్రాక్టరు బావగారు చూడ్డానికొస్తానన్నార్రా. ఆయనకి నచ్చిందా, సైటులో నీకు ఉద్యోగం ఖాయం. నచ్చలేదా, ఇక్కడే రొయ్యలకి మేత జల్లుకుంటూ ఉండు" అన్నాడు. ఆ కాంట్రాక్టరుగారు ఎక్కడికెళ్ళినా జేబులోంచి చిన్న రసమట్టం తీసి, భోజనాల బల్ల మీద కూడా పెట్టి, బుడగ మధ్యలో ఉందో లేదో చూసుకుని గానీ కూర్చోరు. చాటుగా మేమంతా ఆయన్ని బుడగగారు అనేవాళ్ళం.

రాజమండ్రి కలప అడితికి వెళ్ళి, రెండు రకాల టేకు పలకలు నమూనాకి బస్సు టాపు మీద వేయించుకొచ్చాను. ఒకటి చిత్రిక పట్టి నున్నగా చేసింది, రెండోది పొడవునా సన్నగా గీతల్లా గాళ్ళు తీసింది. నా ఓటు గీతలదానికి. పెదనాన్న దాన్ని వేలితో తడిమి, "డబ్బిచ్చి గీతలు గీయించుకోవడమేంట్రా? నున్నగా చెయ్యడం చేతకానివాడి పని ఇది" అని తేల్చేశాడు. పెద్దమ్మ అంతకంటే ముందుకెళ్ళింది. "దీని మీద వడియాలు పెడితే పిండంతా సందుల్లోకి పోదూ?" అంది. అది వడియాలకి కాదు, నడవడానికి అని చెప్పాను. "నడవడానికి ఇంత టేకు ఎందుకురా, నేల లేదా?" అంది. తడికాళ్ళకి నున్నటి చెక్క జారుతుందని నేను రాపిడి సూత్రాలతో సహా ఉపన్యాసం ఇచ్చాను. ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం పెదనాన్న చెరువు దగ్గర్నుంచి వచ్చి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, "జారుద్దంట! ఏదీ, ఎలా జారుద్దో చూద్దాం" అంటూ నున్నటి పలక మీద అడుగేసి, నేరుగా కనకాంబరాల మడిలో కూర్చున్నాడు. నడుము పట్టుకుని లేస్తూనే, "ఆ గీతలదే వేయించు" అన్నాడు. (పడింది ఆయన, గెలిచింది నేను.)

గీతలు గుమ్మం నుంచి తోట వైపుకి ఉండేలా, నీళ్ళు నిలవకుండా కాస్త వాలు పెట్టి, వడ్రంగి పక్కనే నిలబడి అరుగు వేయించాను. బుడగగారు శుక్రవారం పొద్దున్న వస్తానని కబురు పెట్టారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని పెరట్లోకి వచ్చేసరికి అరుగు మొత్తం పచ్చగా మెరిసిపోతోంది. పలక పలకకీ పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు. పెద్దమ్మ చేతులు కడుక్కుంటూ, "గుమ్మం ముందు చెక్క ఉంటే అది గడపే కదరా. శుక్రవారం పూటా బోసిగా వదిలేస్తామా?" అంది. మా ఇళ్ళలో పసుపు రాసిన గడపని ఎవరూ తొక్కరు, దాటుకుని వెళ్తారు. పది మంది కూర్చునే అరుగుని దాటడం ఎవరి వల్ల అవుతుంది?

అనుకున్నట్టే అయింది. బుడగగారు చెప్పులు విడిచి, గుమ్మం దాకా వచ్చి, కాలెత్తి, బొట్లు చూసి, గబుక్కున వెనక్కి తీసుకున్నారు. "ఇదేంటి బావగారూ, నడవనివ్వరా?" అన్నారు. పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు. "తొక్కడానికి కాకపోతే ఇంత ఖర్చు ఎందుకే?" అంటే, "మహాలక్ష్మిలా ఉంది. చూసి దణ్ణం పెట్టుకోండి" అంది. బుడగగారు నిజంగానే దణ్ణం పెట్టుకుని రసమట్టం జేబులో వేసుకున్నారు. "నేను నడవని నేల గురించి నేనేం చెప్పనయ్యా? మళ్ళీ ఎప్పుడైనా వస్తాలే" అని నాతో అన్నారు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారని నాకు తెలుసు.

"ఏంట్రా, మొహం అలా అయిపోయింది?" అంది పెద్దమ్మ. "నా ఉద్యోగం పెద్దమ్మా" అన్నాను. "ఉద్యోగమా? ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చు కదరా! ఉండండి అన్నయ్యగారూ, కడిగేస్తే దోషం లేదు" అని గబగబా బిందె తెచ్చి గుమ్మంలోంచి వంచింది. పసుపు నీళ్ళు గీతగీతకీ విడిపోయి, పొలం బోదెల్లో పారినట్టు తిన్నగా వెళ్ళి తోటలో పడ్డాయి. ఎక్కడా మడుగు కట్టలేదు. బుడగగారు మోకాళ్ళ మీద కూర్చుని చివరి చుక్క దాకా చూశారు.

"ఈ వాలు ఎవరు పెట్టించారు?"

"ఆయ్, నేనేనండి."

"సోమవారం సైటుకొచ్చెయ్."

ఆయన వెళ్ళగానే పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "చూశావా? నే పసుపు రాయబట్టి కదా నీళ్ళెటు పోతున్నాయో ఆయనకి కనపడింది! ఉత్త నీళ్ళయితే ఏం కనపడేవి? నీ ఉద్యోగం నేను వేయించిందే" అంది. ఆ తర్వాత ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి వ్రతంలోనూ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయేది. విస్తరి ముందు కూర్చుని వాలు గురించి, గాళ్ళ గురించి, నా డిప్లొమా గురించి చుట్టాలందరికీ వివరంగా చెప్పేవాణ్ణి. పప్పు చల్లారిపోయేది.

ఈమధ్య ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళినప్పుడు, జుట్టు నెరిశాక వచ్చిన జ్ఞానం కొద్దీ, "నువ్వన్నదే నిజం పెద్దమ్మా, నా ఉద్యోగం నువ్వే వేయించావు" అని ఒప్పేసుకున్నాను. ఆవిడ వింతగా నా మొహంలోకి చూసింది. "అదేంట్రా, వాలు పెట్టింది నువ్వు కదా! నువ్వు ఉడుక్కుంటుంటే ముద్దొచ్చి అలా అనేదాన్ని" అంది. ఇన్నేళ్ళూ ప్రాణం పెట్టి వాదించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వాగలేదు. పెద్దమ్మ కూడా నవ్వింది, నాకంటే ఎక్కువగా.