రోజాలో దిగిన బీపీ

1955 ఎండాకాలం. ఆంధ్ర రాష్ట్రం కొత్తది, ప్రొద్దుటూరులో నా ఆసుపత్రీ కొత్తదే. ఆ ఏడు రంజాన్ మండే ఎండల్లో పడింది. రోజా ఉన్నవాళ్ళు తెల్లవారకముందు తిన్నాక పొద్దు గూకేదాకా నీళ్ళు కూడా ముట్టరు.

ఖాసీం నా దగ్గర బీపీకి పాత రోగి. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసే పని, పగలంతా కొలిమి ముందరే. రంజాన్ సగమయ్యాక భార్య మాబున్నిని వెంటబెట్టుకుని, వ్యాజ్యం గెలిచినవాడిలా వచ్చాడు.

"చూడమ్మా, నీ మాత్రలు మానేసినా. అవి చెయ్యలేని పని రోజా చేసింది, తలనొప్పే లేదు."

పడుకోబెట్టి కొలిస్తే నూట ముప్పై. ఎప్పుడూ నూట ఎనభైకి తగ్గని మనిషి. నిలబెట్టి కొలిస్తే తొంభై. కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నాడు.

"ఒంటేలుకు ఎన్నిసార్లు పోతాండావు?"

"అదీ బాగైందమ్మా. పొద్దున పోతే మళ్ళీ పొయ్యే పనే లేదు. ఒజూ చెడదు."

ఒజూ అంటే నమాజుకు ముందు చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కునే శుద్ధి. ఒంటేలుకు పోతే మళ్ళీ చేసుకోవాలి.

మాబున్ని అందుకుంది. "రాత్రి కూడా తాగడమ్మా. రంజాన్ రాత్రుల్లో చదివే తరావీ నమాజు మధ్యలో లేచి పోవాల్సొస్తాదని రెండు గుక్కలతో సరి. జబ్బు మనిషికి మాఫీ ఉందని మసీదులో హజరత్ చెప్పినాడు. ఈయన వింటేనా!"

మూత్రం చూస్తే చిక్కటి కషాయం. వేడి చేస్తే తెల్లగా విరిగింది. ఆల్బుమిన్, అంటే కిడ్నీ బయటికి వదలకూడని మాంసకృత్తు.

"ఒంట్లో నీళ్ళు తగ్గి బీపీ పడింది. రక్తం చాలక కిడ్నీలు చెడిపోతాండాయి. రోజా విడిచి నీళ్ళు తాగు. ఇట్లే పోతే పండగ నమాజుకు నిన్ను మోసుకుపోవాల."

"నాకే మా మతం, మా దీన్ చెప్తాండావా అమ్మా?"

"దీన్ మీ హజరత్ చెప్పినాడు, నువ్వే వినలేదు. నేను చెప్పేది కిడ్నీల సంగతి."

"వీధిలో మొగమెట్ల చూపియ్యాల? ఆడోళ్ళకు అర్థం కాదులే."

"కాదులే. నువ్వు మంచాన పడితే ఆ కొలిమి ముందర కూర్చునేది మాత్రం ఈ ఆడదే."

మాబున్ని కూజాలోంచి నీళ్ళు వంచింది. ఖాసీం గోడవైపు తిరిగి తాగాడు.

రక్తం కడపకు పంపాను. బ్లడ్ యూరియా, అంటే కిడ్నీలు బయటికి తోయలేక రక్తంలో మిగిలిన మలినం, ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది. నీళ్ళు తాగిన వారానికి దిగొచ్చింది. బీపీ మాత్రం మళ్ళీ నూట ఎనభైకి ఎక్కింది.

"నువ్వే పెంచినావు!" అని పోట్లాటకు దిగాడు.

"అది నీ సొంతమేనప్పా. నువ్వు ఎండిపోయినప్పుడు కనపడలేదు, అంతే."

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాం, ఉప్పు తగ్గించాం. విడిచిన రోజాలు చలికాలంలో, నేను చూసి సరేనన్నాకే తీర్చుకున్నాడు.

అంకె తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. వాళ్ళ రోజా కానీ, మావాళ్ళ ఏకాదశి కానీ, ఉపవాసంతో బీపీ దిగిందని ఎవరైనా సంబరంగా వస్తే, ఆ సంబరం చెడగొట్టడమే ఇప్పుడు నా మొదటి పని.