క్లచ్ లేని బండి

బెంగళూరులో మా తెలుగు సంఘం ఏది కొన్నా చీట్లు వేసి కొంటుంది. ఉపవాస ప్రార్థన ముగిశాక రెండు చీటీలు రాసి కానుకల సంచిలో వేస్తారు. అందరిలోకీ పెద్దదైన అవ్వ కళ్ళు మూసుకుని ఒకటి తీస్తుంది. మైకు సెట్టు అలాగే వచ్చింది, కుర్చీలు అలాగే వచ్చాయి, జనరేటరూ అలాగే వచ్చింది. ఆ జనరేటరు ఆన్ చేస్తే పాస్టరుగారి మాట మొదటి వరసకు కూడా వినబడదు. అయినా ఎవరూ నోరెత్తరు. దేవుడు చూపించినదాన్ని గోలగా ఉందని ఎవరంటారు? కరెంటు పోయిన ఆదివారం దాని జోలికి పోకుండా, చెమట తుడుచుకుంటూ వాక్యం వింటాం.

చీట్ల మీద నాకు నమ్మకం లేదని ఎవరూ అనుకోవద్దు. నేను సంఘంలో పుట్టి సంఘంలో పెరిగినదాన్ని. మా నాన్న ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగి సువార్త చెప్పాడు. నాకు అక్షరాలు బైబిలు వాక్యంలోంచే వచ్చాయి. చీట్లు లేఖనంలో ఉన్నాయి కాబట్టి నమ్ముతాను. ఎలా ఉన్నాయో కూడా తెలుసు కాబట్టే బండి విషయంలో ఎదురు తిరిగాను.

దొడ్డబళ్ళాపురం దాటాక మా సంఘానికి ఒక కొండవాలు ఉంది. పైన రేకుల షెడ్డు. నెలకొకసారి అందరం బస్సులో వెళ్ళి అక్కడ ఉపవాసముండి ప్రార్థన చేస్తాం. బస్సు కొండ కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి రాళ్ళదారి. నీళ్ళ క్యాన్లు, సాయంత్రం ఉపవాసం విడవడానికి బియ్యం, గ్యాస్ సిలిండరు, అన్నీ మనుషుల భుజాల మీదే పోవాలి.

బెళ్ళందూరులో వాననీళ్ళ కింద కనబడని గుంటలో నా స్కూటరు పడి ఎడమ మోకాలు చితికిపోయాక, నేను ఆ దారి ఎక్కలేకపోయాను. అయినా ప్రతి నెలా బస్సులో వెళ్ళేదాన్ని. వెళ్ళి బస్సులోనే కూర్చునేదాన్ని. పైనుంచి పాట వచ్చేది. గాలి ఇటు తిరిగితే ఒక చరణం, అటు తిరిగితే ఏమీ లేదు. ఒకసారి సంఘంలోని తమ్ముళ్ళు నలుగురు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. సగం దారిలో ఒకడి కాలు జారింది. నాకు దెబ్బ తగల్లేదు కాని, వాళ్ళు "జాగ్రత్త, జాగ్రత్త, సిలిండరు కంటే అక్క బరువు" అని నవ్వుకున్న నవ్వు తగిలింది. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో రోగులను లేవనెత్తిన చేతులు నావి. ఇక మోయించుకోనని అప్పుడే అనుకున్నాను. నా కొండకు నేనే ఎక్కుతాను, లేదా ఎక్కను.

అందుకే, కొండకు బండి కొనాలని కమిటీ తీర్మానించినప్పుడు అందరికంటే ముందు లేచింది నేను.

మా సంఘపెద్ద ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. అందరం అన్నా అంటాం. ఆయన ఒక పాత జీపు చూశాడు. నేను చిక్కపేటకు వెళ్ళి, హార్డ్‌వేరు సందులో ఒక నైలాను తాడు కొన్నాను. కొండదారిలో రెండు బండల మధ్య ఒక ఇరుకు ఉంది. తమ్ముణ్ణొకణ్ణి పంపి, ఆ సందు వెడల్పు కొలిచి తాడుకు ముడి వేయించాను. జీపు ముందు ఆ తాడు చాపితే ముడి బంపరు లోపలే ఉండిపోయింది, అంటే జీపు ఆ సందులో పట్టదు. అన్న తాడు వంక చూశాడు గాని నా వంక చూడలేదు.

జీపు పోతే నేనేమీ ఏడవలేదు. జీపుకు క్లచ్ ఉంటుంది. క్లచ్ ఎడమ కాలి పని.

అప్పుడు యువజన కూటమి కుర్రాళ్ళు ఫోనులో సైడ్ బై సైడ్ బండ్లు చూపించారు. పొలాల్లో, ఎస్టేట్లలో వాడతారు. ఇద్దరో ముగ్గురో పక్కపక్కన కూర్చుంటారు. తలుపుల బదులు వల, పైన ఇనుప గొట్టాల చట్రం, వెనక సామాను తొట్టి. ఇక్కడ రోడ్డు మీద నడపడానికి రిజిస్ట్రేషన్ రాదు, లారీలో తెచ్చి కొండ దగ్గర దించుకోవలసిందే. మాకు రోడ్డుతో పని లేదు కదా.

ఊరి శివార్లలోని షోరూముకు నేను, అన్న, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన కూటమి కుర్రాడొకడు వెళ్ళాం. అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి ఎర్రది, వెడల్పు చక్రాలు, నాలుగు సీట్లు, కాళ్ళు చాపుకున్న పీతలా ఉంది. రెండోది మట్టిరంగు, ఇరుకు, మొద్దుగా ఉంది, వెనక పెద్ద తొట్టి. మీట లాగితే తొట్టి వెనక్కి ఒరిగి సామాను దించేస్తుంది.

కుర్రాడు ఎర్రదాని చుట్టూ తిరుగుతూ, "ఆంటీ, సస్పెన్షన్ చూడండి. ఆఫ్‌రోడ్‌లో ఎగిరిపోద్ది," అన్నాడు.

"ఎగిరితే తొట్టిలో నీళ్ళ క్యాన్లు ఎక్కడ దిగుతాయి నాయనా?"

"వీకెండ్ రైడ్‌కి ఆంటీ. నీళ్ళు వేరే, రైడ్ వేరే."

"నేనూ రైడ్‌కే అడుగుతున్నా. కొండ కింద నీలగిరి చెట్ల తోటల చుట్టూ దారి ఉంది కదా, ఒక్కసారైనా తిరగాలని నాకూ ఉంది."

అన్న మొహం చిట్లించాడు. "ప్రార్థన కొండమ్మా అది. షికారుకు కాదు."

లేఖనంలో దేవుని మందసం ముందు ఒక రాజు సంతోషంతో ఒళ్ళు మరిచి గంతులేశాడు. కిటికీలోంచి చూసి ఛీకొట్టిన ఆయన భార్యకు చచ్చేదాకా బిడ్డలు కలగలేదని అన్నకు నేను చెప్పనక్కరలేదు. చెప్పలేదు కూడా. సేల్స్‌మన్ను అడిగి మట్టిరంగు బండి ఎక్కాను. ఎడమ కాలికి చేయడానికి ఏమీ లేదు. ఆ కాలు అలా ముందున్న ఖాళీ చోట చాపుకుని కూర్చుంది. కుడికాలితోనే నడపడం, కుడికాలితోనే ఆపడం. గేరు అంటే ఒక చిన్న పుల్ల, ముందుకు, వెనక్కు, ఇంకా నెమ్మదిగా. ఆ మూడోదాన్ని లో గేరు అంటారు. అందులో వేస్తే బరువుతో దిగేటప్పుడు కూడా బండి తోసుకుపోదు, ఇంజనే పట్టి ఉంచుతుంది. వాళ్ళ ఆవరణలోని మట్టిదిబ్బ ఎక్కి దించాను. దిగుతూంటే కాలు బ్రేకు మీదికి పోనేలేదు.

దిగి వచ్చి తాడు చాపాను. మట్టిరంగుది ముడి లోపల సులువుగా ఉంది. ఎర్రది ముడి దాటింది.

"టైరే కదా దాటింది," అన్నాడు అన్న. "రబ్బరు. బండ మీద ఎక్కించి పోనిస్తారు కుర్రాళ్ళు." తర్వాత గొంతు తగ్గించి, "ఒక మాట అడుగుతా చెల్లెమ్మా. ఇది సంఘం బండా, నీ కాలి బండా?" అన్నాడు.

చాలామంది అడక్కుండా మనసులో పెట్టుకున్న మాట అది. నేను కాదని చెప్పి ఉంటే, పెద్దవాళ్ళ కోసం, గర్భిణుల కోసం అని చెప్పి ఉంటే, గౌరవంగా ఉండేది. అవన్నీ నిజాలే కూడా.

"నా కాలి బండే అన్నా," అన్నాను. "నా కాలు సంఘంలోది కాదా?"

కారులో తిరిగి వస్తూ ఆయన కిటికీ వైపు చూస్తూ, "వాదాలెందుకు, చీట్లు వేద్దాం," అన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో ఉపవాస ప్రార్థన అయ్యాక కానుకల సంచి ముందుకొచ్చింది. లోపల రెండు చీటీలు. ఈ సంచి ముందు మాట్లాడే ఆచారం లేదు. అందరూ తలలు వంచారు. అవ్వ చీర కొంగుతో చేయి తుడుచుకుని సంచిలో పెట్టబోయింది.

నేను లేచి నిలబడ్డాను. "అవ్వా, కాస్త ఆగు."

వెనక ఎవరో ముక్కుతో గాలి వదిలారు. పాస్టరుగారు కళ్ళు తెరిచారు. అన్న తెరవలేదు.

"ప్రభువును పట్టిచ్చిన ద్రోహి ఖాళీ చేసిన చోటికి మనిషిని ఎంచుకున్నప్పుడు అపొస్తలులు చీట్లు వేశారు. నాకు తెలుసు," అన్నాను. "కాని ముందుగా, మొదటి నుంచీ తమతో తిరిగినవాళ్ళెవరో చూశారు. ఆ పనికి తగినవాళ్ళని ఇద్దర్ని నిలబెట్టారు. ఆ తర్వాతే చీటీ. తగనివాణ్ణి సంచిలో వేయలేదు. ఈ రెండు బండ్లనూ మనం కొండకు చూపించలేదు. పరీక్ష చేయకుండా చీటీ వేస్తే, మన పని దేవుని మీద వేసినట్టే. జనరేటరు విషయంలో అదే చేశాం."

జనరేటరు మాట ఎత్తేసరికి ఎక్కడో పిల్లలు నవ్వారు. తల్లులు వాళ్ళ తొడలు గిల్లారు.

అన్న కళ్ళు మూసుకునే, "సహోదరి దేవుణ్ణి పరీక్షించమంటోంది," అన్నాడు.

"బండిని పరీక్షించమంటున్నా అన్నా. దేవుణ్ణి కాదు."

అవ్వ ఈ ఊళ్ళోనే పుట్టింది. ఆమె తాతల కాలం నుంచి వాళ్ళు బెంగళూరు తెలుగువాళ్ళు. చేయి సంచి మీదే ఉంచి పాస్టరుగారి వైపు తిరిగింది. "ఏమప్పా, నేను తీసేదా, సుమ్నె, ఊరికే కూర్చునేదా? చెయ్యి నొప్పి పుడ్తా ఉండాది."

"అక్క చెప్పింది వాక్యంలో ఉన్నదే. ముందు చూద్దాం," అన్నారు పాస్టరుగారు. అవ్వ చేయి తీసేసింది. ఆ సాయంత్రం నాకు ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ వందనాలు చెప్పలేదు. అదీ సరే అనుకున్నాను.

శనివారం షోరూమువాళ్ళు రెండు బండ్లనూ లారీలో తెచ్చి కొండ కింద దించారు. రెండింటికీ సమానంగా నీళ్ళ క్యాన్లు ఎక్కించాం. ఎర్రదాన్ని ఆఫీసు కుర్రాడు నడిపాడు. బాగానే నడిపాడు, తప్పు చెప్పకూడదు. మొదటి మలుపు దాకా చూడముచ్చటగా పోయింది. గతుకుల్లో రెండు క్యాన్లు ఎగిరి కిందపడి పగిలాయి. బండల సందు దగ్గర ఒక చక్రం రాయి మీదికెక్కింది, బండి పక్కకు ఒరిగింది, వాడు భయపడి వెనక్కి దించేశాడు. ఇంకోసారి ఎక్కించి చూశాడు. మూడోసారి షోరూమతను చేయి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు ఇది," అని మట్టిరంగు బండి ఎక్కాను.

"తమ్ముళ్ళున్నారు కదా," అన్నాడు అన్న.

"ఉన్నారు. చూస్తారు."

అవ్వ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. "నన్నూ ఎత్తుకోని పోతా ఉండారు గదా ప్రతిసారీ. ఈసారి కూర్చోని పోతా," అంది. బెల్టు పెట్టుకోవడం రాక తిట్టుకుంది. నేనే పెట్టాను.

లో గేరులో వేశాను. బండల మధ్య రెండు పక్కలా చేయి పట్టేంత చోటు మిగిలింది. అవ్వ బయటికి చేయి చాపి రాతిని తాకింది. ఒక్క క్యానూ కదల్లేదు. పైన షెడ్డు రేకులకు కొత్త రంగు వేశారు. నేనెప్పుడూ చూడని నీలం. అందరూ నడిచి వచ్చేదాకా అవ్వా నేనూ ఒక పాట పూర్తిగా పాడుకున్నాం.

చీట్ల మాట మళ్ళీ వచ్చినప్పుడు అవ్వే తేల్చేసింది. "కొండెక్కింది ఒకటే గదప్పా. ఒక్క చీటీ సంచిలో ఏసి, కండ్లు మూసుకోని తియ్యమంటారా?"

బండి కొన్నారు. కాని కమిటీ ఇంకొక తీర్మానం చేసింది. నడిపేది యువజన కూటమి తమ్ముళ్ళు. తాళం చెవి అన్న దగ్గర. నన్ను ముందు సీట్లో, పక్కన, గౌరవంగా కూర్చోబెడతారు. పాస్టరుగారు ఈ సంగతి నాకు ఫోను చేసి చెప్పారు. ఆయన గొంతులో ఇబ్బంది ఉంది. నేను, "అలాగా అయ్యగారూ," అన్నాను. ఒప్పుకున్నానని అనలేదు.

బండిని ప్రతిష్ఠ చేసే రోజున అందరికంటే ముందు బస్సు దిగాను. అన్న తాళం చెవి బండికే పెట్టి, తుడవడానికి గుడ్డ కోసం వెళ్ళాడు. నేను ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. జనం చుట్టూ చేరారు. పాస్టరుగారు నూనె సీసా తెచ్చారు.

"చెల్లెమ్మా, పక్కకు జరుగు. ప్రార్థన చేయాలి," అన్నాడు అన్న.

"చేయండి. నేను తలే కదా వంచాలి. ఇక్కడే వంచుతా."

"తీర్మానం అయింది."

"నా ముందు కాలేదు అన్నా. కుర్చీలో మోయించుకున్నప్పుడు నాకు గౌరవం కావాలా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు గౌరవం ఇస్తామంటున్నారు. గౌరవం వద్దు. స్టీరింగు చాలు."

ఆఫీసు కుర్రాడు తల వంచుకుని, "ఆంటీ నాకంటే బాగా నడుపుతారు," అన్నాడు. పాస్టరుగారు ముందుకొచ్చి బండి ముక్కు మీద నూనె రాశారు. కాసేపు తటపటాయించి, అదే వేలితో నా నుదుటి మీద కూడా రాశారు. ప్రార్థనలో నడిపేవారి చేతులను కాపాడమని అడిగారు. అన్న గట్టిగా ఆమెన్ అనలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

తొట్టిలో బియ్యం, సిలిండరు, నీళ్ళు పెట్టారు. అన్న ఎక్కనన్నాడు. నడిచే వెళ్తానని దారి మధ్యన నడవడం మొదలుపెట్టాడు. నేను వెనకే బయలుదేరాను. ఆయన పక్కకు తప్పుకోలేదు. నేను హారన్ కొట్టలేదు. డెబ్బై ఏళ్ళ మనిషి ఎంత నెమ్మదిగా నడిస్తే బండీ అంత నెమ్మదిగా పోయింది. అవ్వ నా పక్కన కూర్చుని, "కొట్టు హారన్. చెవులు బాగానే వినిపిస్తాయి ఆయప్పకు," అంది.

"వద్దవ్వా. నాకు తొందర లేదు. పైకి పోతున్నాను, అంతే."

అన్న వీపు మీద చొక్కా తడిసిపోయింది. బండల సందుకు కాస్త ముందు ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తిరిగి చూడలేదు. నేను ఇంజను ఆపలేదు. కాసేపటికి ఆయన ఒక పక్కకు జరిగి, రాతికి ఆనుకుని, దారి ఇచ్చాడు.

పక్కకు వచ్చాక ఆపి, "ఎక్కండి అన్నా," అన్నాను. "మధ్యలో చోటుంది."

"నువ్వు పో అమ్మా. నేను వస్తా."

పోనిచ్చాను.